మా ఇంట్లో ఎవరికీ లేని తామర

జనగామలో మా ఇంట్లో తామర ఎవరికీ లేదు. ఈ మాట మా అత్తమ్మ అడిగినవాళ్లకు చెప్పేది, అడగనివాళ్లకు కూడా చెప్పేది. అది మురికి మనుషులకు వచ్చే రోగమనీ, రెండుపూటలా స్నానాలు చేసే ఇంటి గడప తొక్కదనీ ఆమె నమ్మకం. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం అన్నట్టు, ఆ లేని తామరకు పూసే ట్యూబులు మాత్రం ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా తగిలేవి. మా ఆయన ట్యూబు గడ్డం గీసుకునే సామాను డబ్బాలో ఉండేది. నాది బీరువాలో పెళ్లిచీర మడతలో. అత్తమ్మది దేవుడి అర్రలో, కుంకుమ భరిణల వెనక. ఈ మూడోదాని సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా ఆయనది కిరాణా హోల్‌సేల్ దుకాణం. పొద్దున గల్లా దగ్గర రెగ్జిన్ కుర్చీలో కూర్చుంటే మళ్లీ అన్నానికే లేస్తాడు. పైన రేకులు, చుట్టూ బెల్లం, మిర్చి, పప్పుల బస్తాలు, ఒంటిమీద బిగుతు ప్యాంటు. గజ్జల్లో దురద మొదలైతే ఎదురుగా బేరం ఉంటుంది, గోకడానికి వీలుండదు. అందుకని కుర్చీలోనే అటూ ఇటూ ఒరిగే ఒక పద్ధతి నేర్చుకున్నాడు. అది చూసి పల్లెల నుంచి వచ్చిన చిల్లర దుకాణాలవాళ్లు, సేటు ధర దగ్గర మెత్తబడుతున్నాడనుకొని ఇంకాస్త గట్టిగా బేరమాడేవాళ్లు. గుమాస్తా నయం. బస్తాలు కుట్టే దబ్బనం తిరగేసి, దాని పిడితో అందరి ముందే వీపు గోక్కునేవాడు. సిగ్గు లేనివాడికి సుఖం ఎక్కువ అని మా ఆయన ఈర్ష్యపడేవాడు.

నవ్వుకోవడానికి ఇదంతా బాగానే ఉంది. కానీ ఈ లేని తామర మూలంగా నాలుగేళ్ల నా కూతురు నానమ్మ ఒడి పోగొట్టుకుంది. నాకు నవ్వు రాని సంగతి అదొక్కటే, చెప్పాలనుకున్నదీ అదే.

అత్తమ్మకు మడి ఉంది. మడి అందరికీ తెలిసిందే: స్నానం చేసి, ఎవరూ ముట్టని బట్ట కట్టుకొని, ఎవరినీ ముట్టకుండా వండి దేవుడికి నైవేద్యం పెట్టడం. మామయ్య పోయిన తరువాత అది ఇంకా గట్టిపడింది. ఆమె మడిచీర మిద్దె మీద ఆరేయడానికి వీల్లేదు. అక్కడ కాకి ముడుతుంది, పక్కింటి పిల్లల బంతి ముడుతుంది, గాలికి ఎగిరొచ్చి ఎవరి లుంగీయో ముడుతుంది. అందుకని దేవుడి అర్ర ముందున్న నడవలో, చూరుకు దగ్గరగా కట్టిన దండెం మీద, కర్రతో ఎత్తి ఆరేసేది. అక్కడికి ఎండ రాదు, గాలీ రాదు. వానాకాలమైతే ఆ చీర ఏ రోజూ ఆరిన పాపాన పోలేదు. అదే చెమ్మచీర తెల్లవారి కర్రతో దించి నడుముకు బిగించుకొని, పొయ్యి వేడికి నిలబడి వండేది. చీర ఆరలేదు కదా అత్తమ్మా అంటే, "తడి ఉంటెనే మడి. ఆరినదాన్ని ఎవరు ముట్టిండ్రో ఎవరికెరుక?" అనేది.

అయినా ఆ మడితో మాకు పేచీ ఉండేది కాదు. మధ్యాహ్నం అన్నం తినేసరికి అది ముగిసేది. అత్తమ్మ పాత నూలుచీర కట్టుకొని చాప మీద కూర్చునేది. అప్పటిదాకా గడప అవతల కాచుకొని ఉన్న పాప ఒక్క ఉరుకున వెళ్లి ఒడిలో పడేది. నానమ్మ చెవితమ్మె వేళ్ల మధ్య పట్టుకొని నలుపుతూ నిద్రపోవడం దాని అలవాటు. ఇంకెవరి చెవీ పనికొచ్చేది కాదు. నాది ఇస్తే పట్టుకొని చూసి, "గిది గట్టిగున్నది" అని వదిలేసింది. నానమ్మ చెవి కమ్మల బరువుకు సాగి మెత్తబడి ఉంటుంది. ఆ మెత్తదనం రావాలంటే నేను ఇంకో ముప్ఫై ఏళ్లు కాపురం చెయ్యాలి.

ఒక వానాకాలం ఆ మడి మధ్యాహ్నానికి ముగియడం మానేసింది. మొదట ఏకాదశి అంది. తరువాత శనివారం అంది. తరువాత ఏదో మొక్కు ఉందంది. చివరకు ఏ కారణమూ చెప్పడం మానేసి, పాప దగ్గరికి వస్తే చాలు చెయ్యి అడ్డంపెట్టి, "మడిల ఉన్న బిడ్డా, ముట్టకు" అనేది. పాప నడవలో ఇవతల కూర్చొని అడిగేది.

"నానమ్మా, నీ మడి ఎప్పుడు అయిపోతది?"

"రేపు బిడ్డా."

ఆ రేపు రాలేదు. మధ్యాహ్నం నిద్రకు పాప ఏడ్చేది. కొన్నాళ్లకు ఏడవడం కూడా మానేసి, తడిపిన చేతిరుమాలు భుజాన వేసుకొని, బొమ్మలను దూరంగా కూర్చోబెట్టి, "ముట్టకుండ్రి, నేను మడిల ఉన్న" అని ఆడుకోవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చినవాళ్లు అది చూసి మురిసిపోయేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఒకరోజు మా ఆయనను పట్టుకొని కడిగేశాను.

"మీ అమ్మ రాతిదేవుణ్ణి ముట్టుకుంటది గని నా బిడ్డను ముట్టుకోదా? ఏం మడి అది?"

"అమ్మ సంగతి నీకు తెల్వదా? జర ఓపిక పట్టు," అన్నాడు, కుర్చీలో ఒకవైపుకు ఒరుగుతూ. ఏ వైపు ఒరిగినా అది నా వైపు కాదని నాకు అర్థమైంది.

మా ఇంట్లో గిన్నెలు తోమే అక్క పాలకుర్తి అవతలి తండా నుంచి వచ్చి జనగామలో స్థిరపడిన మనిషి. ఇంట్లో వాళ్ల భాష, బయట మన భాష, రెండింటిలోనూ నోరు గట్టిదే. ఆమె ముంజేతి మీద గాజుల పైన గుండ్రంగా ఒక మచ్చ లేచింది. అంచు ఎర్రగా, నడుమ పొడిబారి, ఎవరో మూత పెట్టి గీసినట్టు ఉంది. అత్తమ్మ కంట పడనే పడింది.

"చేతికి అదేందే?"

"తామరమ్మా," అంది అక్క, కొత్త గాజుల పేరు చెప్పినంత తేలిగ్గా.

"అయ్యో రామ! ఇంట్లకు రాకు. బయట నల్ల కాడనే తోము."

"మా తండాల సగం మందికి ఉన్నదమ్మా. మేము ఉన్నదంటే ఉన్నదంటం. మీకు లేదుగదా, మరి దేవుని ముంగట నిలబడి నడుమెందుకు గోకుతున్నవ్?"

"మడిచీర గుచ్చుకుంటది," అంది అత్తమ్మ. ఏళ్ల తరబడి నానిన నూలు ఎంత మెత్తగా ఉంటుందో ఉతికేవాళ్లకు తెలుసు. పని మాన్పించవద్దని నేను మధ్యలో మాట్లాడితే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని నన్ను కసిరింది. ఆ ఇంట్లో ఆ క్షణాన దురద లేనివాళ్లెవరో, కందా కత్తిపీటా ఎవరో తేల్చడం కష్టం. అక్క బయట కుళాయి దగ్గర తోమడానికి ఒప్పుకుంది గానీ, ఆ రోజు నుంచి గిన్నెల చప్పుడు రెట్టింపైంది.

మా ట్యూబులు ఎక్కడి నుంచి వచ్చేవో చెప్పాలి. భూపాలపల్లిలో మా ఆడబిడ్డ భర్తకు మందుల దుకాణం ఉంది. మా వ్యాపారం ఇళ్లలో ఒక నియమం: చుట్టాల దుకాణంలో దొరికే సరుకు బయట కొనకూడదు. కొంటే అవమానం. బెల్లం, నూనె మా దగ్గర నుంచి భూపాలపల్లి వెళ్లేవి; జ్వరం గోళీలు, దగ్గుమందు, ట్యూబులు అక్కడి నుంచి మాకు వచ్చేవి. ఈ లెక్కన డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే ఇంటి అల్లుడిని తక్కువ చేయడమే. "మన అల్లుడు మందుల షాపు పెట్టుకొని కూసుంటే ఊరోళ్ల ముంగట ఒళ్లు విప్పి చూపెట్టుడేంది?" అనేది అత్తమ్మ. ఎవరికి ఏ రోగం అని అల్లుడూ అడిగేవాడు కాదు, వీళ్లూ చెప్పేవాళ్లు కాదు. సంచి నిండా సరుకు మాత్రం వచ్చేది.

ఆడబిడ్డ కొడుకు చెవులు కుట్టించే వేడుకకని ఆ వానల్లోనే భూపాలపల్లి వెళ్లాం. దారి పొడుగునా బస్సులో పాప నానమ్మ పక్క సీటు కోసం పేచీ పెట్టింది. అత్తమ్మ మధ్యలో బట్టల సంచి పెట్టుకుంది. ఊరు చేరాక మగవాళ్లకు కాలక్షేపం దుకాణంలోనే కాబట్టి, అన్నం పిలుపు చెప్పడానికి నేను అక్కడికి వెళ్లాను. కాసేపు నిలబడ్డాను. ఆ కాసేపట్లో ఆ ఊరి గుట్టు సగం తెలిసిపోయింది.

బొగ్గు బాయిలో పని దిగి వచ్చినాయన ఒకరు, లోపల చెమటలో తడిసిన మనిషి, "మా తమ్మునికి" అని ట్యూబు అడిగాడు. ఆ వెనకే వచ్చిన బడిపంతులు గొంతు తగ్గించి, హాస్టల్ పిల్లలకు కావాలన్నాడు. ఒక పోలీసాయన ఏమీ అడగలేదు. బెల్టు దగ్గర వేలు పెట్టి చూపించాడంతే. పెళ్లి కుదిరిన పిల్ల తల్లి వచ్చి, పిల్లకు కాదనీ, పక్కింటివాళ్లకనీ ప్రమాణం చేసింది. ఆడబిడ్డ భర్త అందరికీ అదే ట్యూబు ఇచ్చి పంపించి నా వైపు తిరిగాడు.

"చూసినవా చెల్లె, ఈ ఊర్ల అందరి తమ్ముళ్లు, పక్కింటోళ్లు ఎంత పరేషాన్ల ఉన్నరో! తానుగా వచ్చి నాకు అన్నోడు ఇంతవరకు ఒక్కడు రాలే."

"మరి తగ్గుతున్నదా అన్నా వాళ్లకు?"

"పూసిన పూట హాయి. వారానికి మళ్లొస్తరు," అన్నాడు, తన మెడ వెనక గోక్కుంటూ. "మళ్లొచ్చుడే గదా దుకాణమంటే."

తిరిగొచ్చేటప్పుడు ఆడబిడ్డ బొట్టుపెట్టి, రవికగుడ్డ, పండ్లతో పాటు ఒక కాగితం పొట్లం చేతిలో పెట్టింది. విప్పి చూడలేదు. అందులో ఏముందో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

బతుకమ్మకు మానుకోట, అదే మహబూబాబాద్‌లో మా పుట్టింటికి వెళ్లాను. మా వాడకట్టు ఆడవాళ్లంతా పట్టుచీరలు కట్టి, చెమటలు కక్కుతూ, బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నారు. వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట. నడుమ ఒక వరుస ఉంది, దాన్ని పాటలో ఎవరూ నేర్పరు: చప్పటకూ చప్పటకూ మధ్య చెయ్యి నడుముకు పోయి రావడం. దంతాలపల్లి నుంచి వచ్చిన మా చిన్నమ్మ నాకంటే ఒడుపుగా గోక్కుంది, తాళం తప్పలేదు. ఏమైందని అడిగితే, "కొత్తచీర గదా బిడ్డా, గుచ్చుకుంటది" అంది. గుండ్రంగా తిరుగుతున్న వాళ్లందరి చీరలూ కొత్తవే. ఆ పండుగకు నేసినవాళ్లెవరో అందరికీ ముళ్లతో నేసినట్టున్నారు.

ఇంటికొచ్చి అద్దం వెనక దువ్వెన కోసం చెయ్యి పెడితే ట్యూబు తగిలింది. మా అమ్మ నా చేతిలోంచి లాక్కుంది.

"ఎక్కడిదమ్మా గిది?"

"అల్లుడు పంపిండు, వాళ్ల బావ షాపుల నుంచి. మీ నాయినకే, నాకు కాదు."

నాన్న పక్కగదిలో నుంచి, "నాకేం లేదు, మీ అమ్మకే," అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా మూడు ఊళ్ల చుట్టరికంలో పంచుకున్నది ఒకే ట్యూబు, ఒకే అబద్ధం. పాపకు మాత్రం ఇవేవీ పట్టలేదు. అమ్మమ్మ ఒడిలో కూర్చొని ఆమె చెవి పట్టి చూసింది. కాసేపు నలిపింది. "నానమ్మకు మడి అయిపోయిందేమో, పోదాం," అంది.

జనగామకు వచ్చాక కొద్దిరోజులకు పాప చెంప మీద చిన్న చుట్ట లేచింది. మొదట దోమ కుట్టిందనుకున్నాను. తరువాత దాని అంచు ఎర్రబడి, గుండ్రమైంది. గిన్నెలు తోమే అక్క చేతిమీద చూసిన గుండ్రమే. వాకిట్లో పాప మొహం కడుగుతూ ఉంటే అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. చూసి, నడవలోనే, మడిచీరతోనే, నేల మీద కూలబడింది.

"నేను ముట్టలే. నేను ముట్టనే ముట్టలే! మరి దీనికి ఎట్లొచ్చిందే?"

నాకు ముందు అర్థం కాలేదు. ఎవరూ నువ్వు ముట్టావనలేదే అత్తమ్మా అన్నాను. అప్పుడు ఆమె చెంగు తీసి నడుము చూపించింది. లంగా బొందు పడే చోట చుట్టూతా, వీపు వరకూ పాకిన తామర. నడుమ చర్మం పలచబడి, నలిగిన కాగితంలా, సన్నని ఎర్రగీతలు పడి ఉంది. అంత కాలంగా భరిణల వెనకనుంచి ట్యూబు తీసి పూస్తూ, పూసినప్పుడల్లా తగ్గిందనుకుంటూ, మళ్లీ రాగానే ఇంకో స్నానం చేసి, ఇంకో తడిచీర చుట్టుకుంటూ ఉంది.

"దానికి అంటుతదని ఒళ్లె కూసుండబెట్టుకోలే. ఏమని చెప్పాలె? తామరున్నదని చెప్పాలెనా? మడి అన్న," అంది. ఏడ్చింది. అత్తమ్మ ఏడవడం మామయ్య పోయినప్పటి తరువాత నేను చూడలేదు. ఇన్నాళ్ల నా కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాపను దగ్గరికి రానివ్వని ముసలామె కోసం దాచిన కోపం అది. పాప కోసం తన ఒడిని తానే వెలివేసుకున్న మనిషి మీద ఎలా చూపను?

మరి పాపకు ఎలా వచ్చిందో మాకు తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. రోజూ నాన్న పొట్ట మీద పడుకొని ఆడుతుంది, నా తువ్వాలతో తల తుడుచుకుంటుంది. ముట్టకూడదని దూరంగా ఉన్న మనిషి దూరంగానే ఉంది. ముట్టుకున్నవాళ్లం మేము.

జనగామ పెద్దదవాఖానలో చర్మం డాక్టరమ్మ గది ముందు వరుస తలుపు దాటి, వరండా దాటి, మెట్లదాకా వచ్చింది. నాకు ఆ వరుసలో సగం మంది తెలుసు. బట్టల దుకాణం సేటు ఉన్నాడు, తల్లికి బీపీ చూపించడానికట. తల్లి ఎక్కడా లేదు. మా వీధి టీచరమ్మ ఎవరినో పలకరించడానికి వచ్చిందట. బచ్చన్నపేట నుంచి వచ్చిన రైతు ఒక్కడు మాత్రం పంచె పైకి కట్టి తొడ గోక్కుంటూ, "పత్తిచేన్ల పని, ఏం జేస్తం," అని అందరికీ చెబుతున్నాడు. అతనికి ఎవరూ జవాబు చెప్పడం లేదు, అందరూ వింటున్నారు. అత్తమ్మ కొంగు నెత్తిమీది నుంచి ముక్కుదాకా లాక్కొని గోడవైపు తిరిగి నిలబడింది. దొంగకు తేలు కుట్టినట్టు మా ఆయన దురదను నోరెత్తకుండా దిగమింగుతున్నాడు.

"అమ్మా! నువ్వు గూడ వచ్చినవా!"

వరండా మొత్తానికి వినబడేలా పిలిచింది మా గిన్నెలు తోమే అక్క. బల్ల మీద కూర్చొని ఉంది.

"పాప కోసం వచ్చినమే," అంది అత్తమ్మ కొంగులోంచి.

"ఔ మల్ల. నేను గూడ మా ఆయన కోసమే వచ్చిన," అని ముంజేయి ఎత్తి చూపి పకపకా నవ్వింది అక్క. వరుసలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. బట్టల సేటు ఆపుకోలేకపోయాడు. అక్క బల్ల మీద కాస్త జరిగి చోటిచ్చింది. అత్తమ్మ నిలబడలేక, కూర్చోలేక ఒక క్షణం ఊగింది. తరువాత కూర్చుంది. బల్ల చిన్నది కాబట్టి భుజానికి భుజం తగిలే కూర్చుంది.

లోపల డాక్టరమ్మ పాప చెంప చూసి, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది.

మేం ముగ్గురం ఒకేసారి లేదన్నాం. ఇంటి నుంచి నిజం చెప్పాలనుకొనే బయలుదేరాం. అయినా నోటికి అలవాటైన మాటే ముందొచ్చింది.

పాప డాక్టరమ్మ వైపు చూసి చెప్పింది: "నాన్నకు ఉన్నది. అమ్మకు ఉన్నది. నానమ్మకు మడి ఉన్నది."

డాక్టరమ్మ నవ్వలేదు. తెర లాగి, ఒక్కొక్కరినీ పిలిచి చూసింది. అత్తమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగింది. ఆ ట్యూబు ఎవరిచ్చారని అడిగితే అత్తమ్మ అల్లుడి పరువు కాపాడింది, "ఎక్కడనో దొరికింది" అంది. దురదను అది పడుకోబెడుతుందనీ, కిందనుంచి తామర హాయిగా పాకుతుందనీ, పైన చర్మం పలచబడుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. రోజూ ఎంతమంది ఆ ట్యూబుతోనే వస్తారో చెప్పి తలపట్టుకుంది. పేదా గొప్పా, స్నానం చేసినవాడూ చేయనివాడూ అని దానికి తేడా లేదనీ, చెమట, తడి, బిగుతుబట్ట దొరికితే చాలనీ, ఇంట్లో ఒకరికుంటే అందరూ కలిసి మందు వాడాలనీ, తగ్గిందనిపించినా మధ్యలో ఆపకూడదనీ అంది. బట్టల సంగతి అడిగింది. అత్తమ్మ గర్వంగానే చెప్పింది, నడవలో దండెం, కర్ర, తడిచీర.

"రోజూ తడిదే కట్టుకుంటారా?"

"రోజూ. ఒక్కనాడు తప్పలే."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అమ్మా, మీరు దాన్ని పెంచుతున్నారు. ఎండలో ఎండిన బట్టే కట్టుకోవాలి."

అత్తమ్మ దేవుడి గురించి అడుగుతుందనుకున్నాను. ఆమె అడిగింది ఒకటే మాట.

"బిడ్డను ఒళ్లె కూసుండబెట్టుకోవచ్చా?"

"మందు వాడుతూ, అది ఉన్న చోటు బట్టతో కప్పుకొని ఉంటే తప్పకుండా. తువ్వాళ్లు, బట్టలే ఎవరివి వాళ్లవి ఉండాలి. మొదట్నుంచీ అయినా కప్పుకొని కూర్చోబెట్టుకోవచ్చు కదమ్మా."

మొదట్నుంచీ అన్న మాట దగ్గర అత్తమ్మ కళ్లు కిందికి వాలాయి. ఇంటికి తిరిగొచ్చే ఆటోలో కూడా పాపను నా ఒడిలోనే కూర్చోబెట్టింది. డాక్టరమ్మ పర్వాలేదన్నా ఆమెకు ధైర్యం చాలలేదు. "పూర్తిగ మానినంకనే," అంది. ఇంకెంత పోగొట్టుకుంటావు అత్తమ్మా అని అడగాలనిపించింది.

పాత ట్యూబు ఆపేసరికి మా అందరి దురదా ఒక్కసారి రెచ్చిపోయింది. మా ఆయన మధ్యలో రహస్యంగా గడ్డం సామాను డబ్బా వెతకబోతే నేను అడ్డుపడ్డాను. భూపాలపల్లికి ఇక ట్యూబులు వద్దని కబురు చెబితే, ఆడబిడ్డ భర్త నొచ్చుకొని కొన్నాళ్లు మాట్లాడలేదు. తరువాత తనే మెడ చూపించుకోవడానికి వరంగల్ వెళ్లాడని తెలిసింది. ఎవరికోసం వెళ్లానని చెప్పాడో తెలియదు. గిన్నెలు తోమే అక్క తన చెయ్యి మాకంటే ముందే మానిందని వారం వారం చూపించేది. లోపలికి వచ్చి తోముతావా అని అత్తమ్మే అడిగింది. "బయట నల్ల కాడ గాలి మంచిగొస్తది," అని అక్క రానంది.

మడిచీర మిద్దె ఎక్కింది. పూజకు ఎండినచీర కట్టుకోవడానికి అత్తమ్మ ఒక దారి వెతుక్కుంది. చీర ఎండలో ఆరేసి, నెత్తిన తువ్వాల వేసుకొని, పక్కనే పీట మీద, చేతిలో కర్రతో కాపలా కూర్చునేది. కాకులను కొట్టేది, బంతులను కొట్టేది, పక్కింటి లుంగీ ఎగిరితే దానికీ ఒక దెబ్బ వేసేది. చీర ఆరేదాకా కదిలేది కాదు. ఎండకు ఆమె మొహం నల్లబడింది, నడుము మాత్రం తేరుకుంది. చలికాలం వెళ్లి ఎండ చురుక్కుమనే వేళకు డాక్టరమ్మ చూసి మానిందంది. మచ్చలు మిగిలాయి, గీతలు పోవంది.

ఆ మధ్యాహ్నం అన్నం కాగానే అత్తమ్మ పాత నూలుచీర కట్టుకొని మిద్దె మీద నీడన చాప పరిచింది. పాప గోడవారగా బొమ్మలతో ఆడుకుంటోంది, తడిపిన చేతిరుమాలు భుజాన వేసుకొని. అత్తమ్మ రెండు చేతులూ చాపింది.

"రా బిడ్డా. నానమ్మ మడి అయిపోయింది."

పాప లేచింది. రెండడుగులు వేసింది. ఆగి, చిన్న చెయ్యి అడ్డంపెట్టింది.

"ముట్టకు నానమ్మా. నేను మడిల ఉన్న."

దాని మొహంలో కోపం లేదు, ఆట కూడా లేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఎలా చెబుతారో అలాగే చెప్పింది. అత్తమ్మ చాపిన చేతులు వెనక్కి తీసుకొని తన ఒడిలో పెట్టుకుంది.

"నీ మడి ఎప్పుడు అయిపోతది బిడ్డా?"

"రేపు."

నేను వెళ్లి పాపను ఎత్తుకొచ్చి ఆ ఒడిలో పడేయాలనుకున్నాను. అత్తమ్మ తల అడ్డంగా ఊపి నన్ను వద్దంది. మరునాడు మధ్యాహ్నం అదే వేళకు మిద్దె ఎక్కి, అదే చాప పరిచి, పాప ఆడుకునే వైపున్న చెవి మీది నుంచి కొంగు తొలగించి కూర్చుంది.